హే-ఆన్-వై పుస్తకాల పండుగకి అమ్మని తీసుకెళ్ళొచ్చా? (వెళ్ళొచ్చాక రాసింది కింద ఉంది)

విభాగం: ప్రయాణాలు – యూకే, యూరప్

కాలవగట్టు | ఏప్రిల్ 19, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మేం ఉండేది బ్రిస్టల్లో. అమ్మ వచ్చి రెండు నెలలైంది, జూన్ రెండో వారంలో తిరుగు ప్రయాణం. తెనాలి దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. లండన్ తీసుకెళ్ళి బ్రిడ్జీలూ ప్యాలెస్‌లూ అన్నీ చూపించాను. "బాగుంది నాన్నా" అని ఫొటోకి నిలబడింది, అంతే. మొన్న అన్నం తింటూ మాటల్లో చెప్పాను: వేల్స్ సరిహద్దులో హే-ఆన్-వై అని చిన్న ఊరుంది, రెండు వేల మంది కూడా ఉండరు, ఎటు చూసినా పాత పుస్తకాల షాపులే, ఏటా మే నెలాఖరులో పదకొండు రోజులు సాహిత్య పండుగ చేస్తారు అని. చెయ్యి కూడా కడుక్కోకుండా అలాగే కూర్చుని "ఇక్కడికి ఎంత దూరం?" అంది.

ఇంగ్లీషు చదివితే అమ్మకి అర్థమవుతుంది, వేగంగా మాట్లాడితే కష్టం. మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. గుడ్డు కూడా ముట్టదు. ఇలాంటి మనిషిని తీసుకెళ్తే విసుగొస్తుందా? టికెట్లు ఎలా, రాత్రికి గది దొరుకుతుందా? వెళ్ళినవాళ్ళు చెప్పండి.

ఎర్రబస్సు | ఏప్రిల్ 19, రాత్రి 10:31

మే నెలాఖరుకి ఏప్రిల్లో గది అడుగుతున్నారా! ఆ వారానికి ఊళ్ళో గదులు ముందటేడే అయిపోతాయి. ఖాళీ చేసేటప్పుడే వచ్చే ఏడుకి చెప్పి వెళ్తారు జనం. బ్రెకన్, హెరెఫర్డ్, టాల్గార్త్ వైపు వెతుక్కోండి. పొలాల్లో టెంట్లు వేసుకునే ఏర్పాటు ఉంటుంది కానీ అమ్మగారి మోకాళ్ళకి అది వద్దు. మే అని పేరే గానీ రాత్రిపూట వణికిస్తుంది.

సెవెర్న్ ఒడ్డు | ఏప్రిల్ 19, రాత్రి 11:05

తప్పకుండా తీసుకెళ్ళండి. బ్రిస్టల్ నుంచి రెండు గంటల దారి, గది అక్కర్లేదు. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికొచ్చెయ్యొచ్చు. ఆ రోజుల్లో చీకటి పడేసరికి తొమ్మిదిన్నర.

నేను నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి నేను చేసిన తప్పు ముందు చెప్తా, ఎందుకంటే అందరూ అదే చేస్తారు. ప్రోగ్రాం చూడగానే పూనకం వచ్చినట్టు ఒక్కరోజుకి ఆరు సెషన్లు బుక్ చేశాను. ఒక్కోటి గంట. ఒక టెంట్లోంచి బయటపడి ఇంకో టెంట్ ముందు క్యూ, మధ్యలో శాండ్‌విచ్ నములుతూ పరుగు. సాయంత్రానికి ఎవరేం చెప్పారో అంతా కలగాపులగం అయిపోయింది. ఊళ్ళోకి అడుగే పెట్టలేదు! హే వెళ్ళి ఒక్క పుస్తకాల షాపు చూడకుండా వచ్చిన మనిషిని నేనే అయ్యుంటాను. రోజుకి రెండు సెషన్లు చాలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో ఊరు.

టికెట్ల సంగతి: పండుగ జరిగే మైదానంలోకి వెళ్ళడానికి డబ్బులేం ఇవ్వక్కర్లేదు. ఏ ప్రసంగానికి ఆ టికెట్. నేను కొన్నవి పది, పదిహేను పౌండ్ల మధ్యలో ఉండేవి, బాగా పేరున్నవాళ్ళయితే ఎక్కువ. టీవీలో కనిపించే మొహాలకి టికెట్లు ముందే అయిపోతాయి. పేరు వినని మనిషి సెషన్‌కి చివరిదాకా దొరుకుతాయి, నాకు నచ్చినవన్నీ అలాంటివే. మైదానం ఊరి బయట బ్రెకన్ రోడ్డులో ఉంటుంది, ఊరి నడుమ నుంచి పది, పదిహేను నిమిషాల నడక. ఆ దారి కూడా చూడాల్సిందే. ఇళ్ళవాళ్ళు ముంగిట్లో బల్లలు వేసి కేకులు, టీ, పాత సామాన్లు అమ్ముకుంటారు. తిరనాళ్ళలో గుడి దారి ఉంటుంది చూడండి, అలాగ.

ఇంగ్లీషు గురించి: కథలూ కవిత్వం కాకుండా నేల, చెట్లు, చరిత్ర ఇలాంటి సబ్జెక్టు ఎంచుకోండి. స్క్రీన్ మీద బొమ్మలు చూపిస్తారు, పెద్దవాళ్ళకి తేలిక.

మంజీర | ఏప్రిల్ 20, ఉదయం 8:47

నేను కార్డిఫ్‌లో చదువుకునేటప్పుడు అక్కడ వాలంటీరుగా చేశాను. టెంట్ గుమ్మంలో టికెట్లు చూసి లోపలికి పంపే పని. అమ్మగారికి మోకాళ్ళ నొప్పి అని అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్ళకి చెప్పండి, క్యూలో నిలబెట్టకుండా ముందే కూర్చోబెడతారు. మనవాళ్ళు అడగడానికి మొహమాటపడి పావుగంట నిలబడి తర్వాత బాధపడతారు. మొహమాటం ఇంట్లో పెట్టి రండి.

యూనివర్సిటీలో చదివే పిల్లలుంటే వాళ్ళకి కొన్ని సెషన్లు ఉచితం. మొదటి రెండు రోజులు సర్కారు బడి పిల్లల కోసం, వాళ్ళకీ ఉచితమే. నాకు ఆ రెండు రోజులే మస్తు నచ్చాయి. బస్సుల్లోంచి వందలమంది దిగి గడ్డి మీద పరిగెడుతుంటే టీచర్లు తలలు లెక్కపెట్టుకుంటూ వెనకాల.

బూట్లు! వాన పడితే మైదానం అంతా బురద. లోపల నడిచే దారులకి పరుపు వేస్తారు గానీ కార్లు పెట్టేది పచ్చిగడ్డి పొలంలో. చీర అయితే అంచు కాస్త పైకి కట్టుకోమనండి.

పాలపిట్ట | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:20

అమ్మగారు లైబ్రేరియన్ అన్నారు కాబట్టి వెళ్ళేముందు ఆ ఊరి కథ చెప్పండి, ఇష్టపడతారు. రిచర్డ్ బూత్ అని ఒకాయన 1960ల మొదట్లో అక్కడి పాత ఫైర్ స్టేషన్లో పాత పుస్తకాల షాపు తెరిచాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1962 చివర్లో, ఆ ఊరికి ప్యాసింజరు రైలు ఆగిపోయింది. రైలు పోయిన ఊరికి ఈయన పుస్తకాలు తెచ్చాడు. అమెరికాలో మూతపడుతున్న లైబ్రరీల పుస్తకాలు కంటైనర్లకి కంటైనర్లు కొని ఓడల్లో తెప్పించాడు. సినిమా హాలు ఖాళీ అయితే అందులో పుస్తకాలు నింపారు, అది ఇప్పటికీ షాపే. ఊళ్ళో పాడుబడ్డ కోట కొని అందులోనూ పెట్టాడు.

ఇక 1977 ఏప్రిల్ 1న "హే ఇప్పుడు స్వతంత్ర రాజ్యం, నేనే రాజుని" అని ప్రకటించి, తన గుర్రాన్ని ప్రధానమంత్రిని చేశాడు. తేదీ చూశారుగా. కానీ ఆ వేళాకోళంతోనే పేపర్లన్నీ ఊరి గురించి రాశాయి, జనం రావడం మొదలైంది. ఆయన 2019లో పోయాడు.

పండుగ మొదలైంది 1988లో. పీటర్ ఫ్లోరెన్స్, ఆయన అమ్మానాన్నలు రోడా, నార్మన్ కలిసి పెట్టారు. అంటే షాపులు ముందు, పండుగ తర్వాత పాతికేళ్ళకి. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మనవాళ్ళు "మన ఊళ్ళో కూడా ఒకటి పెడదాం" అన్నప్పుడల్లా నేను ఇదే చెప్తుంటాను.

తొలిరోజుల్లో అమెరికా నాటక రచయిత ఆర్థర్ మిల్లర్‌ని పిలిస్తే, "హే-ఆన్-వైనా? అదేమైనా శాండ్‌విచ్చా?" అని అడిగాడని చెప్పుకుంటారు. అమెరికాలో రై అనే ధాన్యం రొట్టెతో చేసే శాండ్‌విచ్‌ల పేర్లు "ఫలానా ఆన్ రై" అనే ఉంటాయి కదా. 2001లో బిల్ క్లింటన్ వచ్చి "మనసుకి వుడ్‌స్టాక్" అన్నది కూడా ఈ పండుగనే. వుడ్‌స్టాక్ అంటే 1969లో అమెరికాలో జరిగిన పెద్ద సంగీత పండుగ.

తుంగభద్ర | ఏప్రిల్ 20, సాయంత్రం 6:02

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. రెండేళ్ళ కింద వెళ్ళాను. కారు పార్కింగు, రెండు సెషన్లు, ఇద్దరికీ భోజనం, కాఫీలు కలిపి వంద పౌండ్లకి పైనే అయింది. చుట్టూ చూస్తే డెబ్బై ఏళ్ళ తెల్లవాళ్ళు, టోపీలు, చేతికర్రలు. నాలాంటి మొహాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సెషన్‌లో ఒకరినొకరు పొగుడుకోవడం, చివర్లో "పుస్తకం బయట అమ్మకానికి ఉంది". ఇది సాహిత్యమా, సంతా? 2024లో ఒక పెట్టుబడుల కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద రచయితలే ఎదురుతిరిగితే ఆపుకోవాల్సి వచ్చింది కూడా.

మన దగ్గర పరిషత్తు నాటకాలకి రాత్రంతా చాపలు పరుచుకుని కూర్చునే జనానికి ఎవడూ టికెట్ పెట్టలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని పల్లెల్లో జరగలేదూ అవి.

సెవెర్న్ ఒడ్డు | ఏప్రిల్ 20, రాత్రి 9:15

తుంగభద్ర గారూ, సంతే. ఒప్పుకుంటా. పుస్తకాల సంత. చేపల సంతలో చేపలు అమ్ముతున్నారని కోప్పడం కదా! ఖర్చు గురించి మీరన్నది మాత్రం నిజం. అందుకే మేం పులిహోర పట్టుకెళ్తాం. గడ్డి మీద పడక కుర్చీలుంటాయి, ఎవరూ ఏమీ అనరు. ఒకసారి పక్కన కూర్చున్న ముసలాయన మా డబ్బా వంక చూసి "ఆ పసుపు అన్నం ఏంటి?" అని అడిగి రెండు చెంచాలు పెట్టించుకుని, ఆవాలూ మిరపకాయా గురించి అరగంట మాట్లాడాడు. తర్వాత తెలిసింది, ఆయన ఆ మధ్యాహ్నం స్టేజీ మీద మాట్లాడాల్సిన మనిషని.

చీరాల చిన్నోడు | ఏప్రిల్ 21, ఉదయం 7:30

ఎక్కడో వేల్స్ దాకా ఎందుకు, మా పక్కన వేటపాలెం ఉంది. అక్కడ సారస్వత నికేతనం అనే లైబ్రరీ 1918లో పెట్టారు. 1929లో గాంధీగారు వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. పాత పత్రికల సంచికలు చూడాలంటే యూనివర్సిటీల నుంచి పరిశోధన చేసేవాళ్ళు ఆ ఊరికే వస్తారు. నేత మగ్గాల ఊళ్ళో అంత లైబ్రరీ. దాని చుట్టూ ఏడాదికి మూడు రోజులు సభ పెట్టి, జీడిపప్పు కొట్ల పక్కన పది పుస్తకాల షాపులు పెడితే ఏం తక్కువ?

పాలపిట్ట | ఏప్రిల్ 21, ఉదయం 9:10

తక్కువేం లేదు తమ్ముడూ. ఆ పది షాపులు పండుగ అయిపోయాక మిగతా 362 రోజులు ఎవరు నడుపుతారన్నదే ప్రశ్న. విజయవాడ పుస్తక మహోత్సవానికి జనవరిలో ఎంత జనం వస్తారో చూశావుగా. పదకొండో రోజు రాత్రి షెడ్లు విప్పేస్తే అంతే. హేలో షాపులు ఇప్పుడు ఇరవై దాకా ఉన్నాయి, ఒకప్పుడు ఇంకా ఎక్కువ ఉండేవి. అక్కడా తగ్గుతున్నాయి. ఇంటర్నెట్‌లో అమ్ముకుంటూ నెట్టుకొస్తున్నారు.

దక్కన్ క్వీన్ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 12:40

నేను పుణెలో ఉంటాను. హేని చూసే మహారాష్ట్ర ప్రభుత్వం 2017లో భిలార్ అనే ఊరిని పుస్తకాల ఊరుగా చేసింది. పంచగని, మహాబలేశ్వర్ మధ్యలో, స్ట్రాబెర్రీలు పండించే ఊరు. మొదట 25 చోట్ల పెట్టారు. ఇళ్ళలో, బడిలో, గుళ్ళో. ఒక ఇంట్లో పిల్లల పుస్తకాలు, ఒక ఇంట్లో చరిత్ర, ఇంకో ఇంట్లో కవిత్వం. అమ్మరు, కూర్చుని చదువుకోవచ్చు, ఉచితం. దాదాపు అన్నీ మరాఠీవే. నేను ఒకరి వరండాలో కూర్చుని గంట చదివాను, ఇంటావిడ అడక్కుండానే టీ ఇచ్చింది. వెళ్ళింది వారం మధ్యలో, ఊరంతటికీ చదివేదాన్ని నేనొక్కదాన్నే. సంతోషించాలో లేదో తెలీలేదు.

ఎర్రబస్సు | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2:05

విషయం తెనాలి నుంచి మహాబలేశ్వర్ పోయింది. కాలవగట్టు గారూ, ఒకవేళ కారు లేకపోతే: రైల్లో హెరెఫర్డ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఇరవై మైళ్ళ చిల్లర బస్సులో. పండుగ రోజుల్లో స్టేషన్ దగ్గర్నుంచి ప్రత్యేక బస్సులు వేస్తారు. చివరి బస్సు టైము ముందే చూసి పెట్టుకోండి. నేను చూసుకోక ఒకసారి టాక్సీకి పెట్టిన డబ్బుతో అటకెక్కించేన్ని పుస్తకాలు వచ్చేవి.

కాలవగట్టు | ఏప్రిల్ 21, రాత్రి 10:50

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకి అన్నీ చదివి వినిపించాను. గుర్రం ప్రధానమంత్రి దగ్గర నవ్వింది. రెండు సెషన్లు బుక్ చేశా. ఒకటి నేల, వానపాములు, వ్యవసాయం గురించి. ఇంకోటి పాత మ్యాపుల మీద. కార్లోనే వెళ్తున్నాం. చీరాల తమ్ముడూ, వేటపాలెం కర్ర అమ్మ చూసిందట. "మా ట్రెయినింగులో తీసుకెళ్ళారు" అంది.

కాలవగట్టు | మే 30, రాత్రి 11:38

వెళ్ళొచ్చాం. పెద్దగా రాస్తున్నా, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందు దారి సంగతి. న్యూపోర్ట్ దాటి అబెర్గవెన్నీ దాకా బాగానే ఉంది. అక్కడ ఫోను మ్యాపు "పన్నెండు నిమిషాలు ఆదా" అని ఒక దారి చూపించింది. నమ్మాను. అది గాస్పెల్ పాస్ అట, వేల్స్‌లో ఇంతకంటే ఎత్తులో వెళ్ళే కనుమ రోడ్డు లేదని తర్వాత తెలిసింది. లాంతోనీ దగ్గర కూలిపోయిన పాత మఠం దాటాక రోడ్డు సన్నబడుతూ సన్నబడుతూ ఒక్క కారు పట్టేంత అయింది. రెండువైపులా మనిషెత్తు కంచె పొదలు. అద్దాలు రెండూ కొమ్మలకి రాసుకుంటున్నాయి. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. వెనక్కి వెళ్ళాలి. రివర్సులో ఎంత దూరమంటే, నాకు చెమటలు పడుతుంటే అమ్మ వెనక్కి తిరిగి కూర్చుని "ఇంకా రా, ఇంకా రా, ఆగు" అని మన కొబ్బరిబోండాల లారీ క్లీనర్ లాగా చెప్పింది. ట్రాక్టరాయన చెయ్యెత్తి దండం లాంటిది పెట్టి వెళ్ళిపోయాడు.

అయితే పైకెక్కాక కంచెలన్నీ పోయి ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంది. రోడ్డు మీద గొర్రెలు పడుకుని ఉన్నాయి, లేవవు. కింద దూరంగా నది, పొలాలు, ఒక మూల తెల్లటి టెంట్లు. అక్కడ ఆగి థర్మాస్‌లో కాఫీ తాగాం. ఆ పన్నెండు నిమిషాల దారికి గంటంబావు పట్టింది. మీరు మాత్రం బ్రెకన్ రోడ్డులో వెళ్ళండి.

వానపాముల సెషన్ బాగుంది. బొమ్మలు చూపించారు, అమ్మకి చాలా వరకు అర్థమైంది, నోటుబుక్కులో రాసుకుంది. చివర్లో ప్రశ్నలు అడగమంటే ఒక పెద్దాయన లేచి "ఇది ప్రశ్న కాదు, చిన్న అభిప్రాయం" అని నాలుగు నిమిషాలు మాట్లాడాడు. అమ్మ నా చెవిలో "ఇక్కడా ఉన్నారన్నమాట" అంది. మ్యాపుల సెషన్లో నాకు నిద్రొచ్చింది, ఆవిడకి రాలేదు.

మధ్యలో ఊరు. కోట కింద పచ్చిక మీద ఆరుబయట బీరువాలు పెట్టి ఉన్నాయి. చిన్న రేకు కప్పు, అంతే. మనిషి లేడు, కెమెరా నాకు కనపడలేదు. నచ్చిన పుస్తకం తీసుకుని పౌండో రెండో డబ్బాలో వేసి వెళ్ళిపోవడమే. నేను ముందే చెప్పాను అమ్మకి, అయినా నమ్మలేదు. "రిజిస్టరేది?" అని అడిగింది. లేదన్నాను. "తాళం?" లేదన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత చెప్పింది. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు ముందావిడ ఇచ్చిన సలహా ఒక్కటేనట: "బీరువా తాళం నీ కొంగుకి కట్టుకో." ఆడిట్లో పుస్తకం తగ్గితే జీతంలో కోసేవాళ్ళు. మూడో ఏడు పదకొండు పుస్తకాలకి కోశారు. అప్పట్నుంచి ఎవరైనా పుస్తకం అడిగితే తనే తీసి ఇచ్చేది, బీరువా దగ్గరికి రానిచ్చేది కాదు. "పిల్లలు అద్దంలోంచి పేర్లు చదువుకుని చెప్పేవాళ్ళురా" అంది. నాకు ఈ సంగతి ఇన్నేళ్ళుగా తెలీదు. నేనూ అలా అద్దంలోంచి చదివిన పిల్లాణ్ణే. అందరికీ అలాగే ఉంటుంది అనుకునేవాణ్ణి.

ఆ బీరువాల దగ్గర ముప్పావుగంట ఉన్నాం. తడికి ఉబ్బిన పుస్తకాలు వేరే పెట్టింది, పడిపోయినవి నిలబెట్టింది, తలకిందులుగా ఉన్నవి తిప్పింది. ఒకావిడ వచ్చి అమ్మ ఇక్కడ పనిచేస్తుందనుకుని వంట పుస్తకాలు ఎక్కడని అడిగింది. అమ్మ చూపించింది కూడా!

గొర్రెపాల ఐస్‌క్రీం తిన్నాం. వాసన వస్తుందేమో అని భయపడింది గానీ రాలేదు, ఇంకోటి తింది. పులిహోర సలహా బ్రహ్మాండం. మాకు మాత్రం రచయితలెవరూ తగల్లేదు.

సెవెర్న్ ఒడ్డు | మే 31, ఉదయం 7:12

ఫోను పక్కన పెట్టి కాసేపు కూర్చున్నా. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

మ్యాపు మాట విని గాస్పెల్ పాస్ ఎక్కిన తెలుగువాళ్ళ క్లబ్బులోకి మీకు స్వాగతం. మా ఆయన అధ్యక్షుడు.

మంజీర | మే 31, ఉదయం 9:30

వంట పుస్తకాలు చూపించారా! అమ్మగారికి వాలంటీరు టీషర్టు ఇచ్చెయ్యాలి.

తెలుగు పుస్తకాలేమైనా కనిపించాయా? నేను ఎప్పుడు వెళ్ళినా వెతుకుతాను, దొరకలేదు.

కాలవగట్టు | మే 31, మధ్యాహ్నం 12:55

తెలుగు పుస్తకం ఒక్కటీ లేదు. ఇండియా అని రాసిన అరలు మాత్రం నాలుగైదు షాపుల్లో ఉన్నాయి. అన్నీ తెల్లదొరల జ్ఞాపకాలు, పులివేటలు, రైళ్ళు. ఒక షాపులో మేడ మీద నేల మీద కూర్చుని కింది అర చూస్తుంటే దొరికింది: గోదావరి జిల్లా గెజెటీర్, ఎఫ్.ఆర్. హెమింగ్వే అనే దొర రాసింది (నవలలు రాసిన హెమింగ్వే కాదు), 1907. బట్ట అట్ట, వెన్ను దగ్గర చిరిగింది. అందులో కాలవల గురించి, కోనసీమ గురించి, ఏ తాలూకాలో ఏం పండుతుందో అన్నీ. లోపల పెన్సిల్తో 85 అని రాసి ఉంది. పౌండ్లు. తీసి పెట్టి, తీసి పెట్టి, మ్యాపుల సెషన్ టైమైపోతోందని వదిలేసి వచ్చా. సెషన్ అయ్యాక మళ్ళీ వెళ్తే షాపు మూసేశారు. మర్నాడు ఫోన్ చేస్తే పొద్దున్నే ఎవరో తీసుకున్నారట. రాత్రి నుంచి అదే బాధ.

పాలపిట్ట | మే 31, మధ్యాహ్నం 1:10

ఆ పుస్తకం స్కాన్ చేసింది ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది బాబూ. కాపీరైట్ ఎప్పుడో పోయింది. కొత్తగా అచ్చువేసినవి కూడా దొరుకుతాయి.

కాలవగట్టు | మే 31, మధ్యాహ్నం 1:14

తెలుసండీ. డౌన్‌లోడ్ కూడా చేశా. బాధ తగ్గలేదు.

తుంగభద్ర | మే 31, సాయంత్రం 5:48

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పండుగ మీద నా అభిప్రాయం మారలేదు. ఆ బీరువాల గురించి మాత్రం, నేను వెళ్ళినప్పుడు అవి చూడనేలేదు. మైదానంలోనే ఉండి తిరిగొచ్చేశాను. వంద పౌండ్లు పెట్టిన నాకు కనపడని సంగతి మీ అమ్మగారికి రెండు పౌండ్లలో కనపడింది.

ఆవిడని ఒకటి అడగండి. జీతంలో కోత లేకపోతే ఆ రోజుల్లో బీరువా తెరిచి ఉంచేవారా?

కాలవగట్టు | మే 31, రాత్రి 10:20

అడిగాను. వెంటనే చెప్పలేదు. గిన్నెలు సర్దేసి వచ్చి చెప్పింది: "తెరిచేదాన్నే. కానీ పుస్తకాలు పోయేవి. పోతే పోనీ అనే ధైర్యం ఆఫీసుకి ఉండాలి, నాకుంటే చాలదు."

ఇంకో మాట కూడా అంది. వాళ్ళ నాన్నగారు చెప్పేవారట, గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలవలో పడవ మీద లైబ్రరీ నడిపారని, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా. కాలవగట్టున ఆగిన చోటల్లా జనం వచ్చి పుస్తకాలు తీసుకునేవాళ్ళు. "ఆ పడవకి తాళం వేసేవాళ్ళో లేదో మా నాన్నని అడగలేదు" అంది. నా యూజర్‌నేమ్ కాలవగట్టు ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికి ఆవిడకి తెలిసింది.

చీరాల చిన్నోడు | జూన్ 1, ఉదయం 6:55

అన్నా, ఆ పడవ గురించి మా వైపు పెద్దాళ్ళు కూడా చెప్తారు. పాలపిట్ట గారూ, 362 రోజుల లెక్క గురించి ఆలోచించా. షాపులు వద్దు. మా ఇంటి అరుగు మీద ఒక బీరువా పెడతా, తాళం లేకుండా. మా నాన్న ఒప్పుకోవాలి ముందు. ఆ అరుగు మీద ఆయన మోటారుసైకిలు పెడతాడు.

పాలపిట్ట | జూన్ 1, ఉదయం 8:02

పెట్టు. వానాకాలం రాకముందే రేకు వేయించు. చెదలకి కింద ఇటుకలు పెట్టు. నా దగ్గర రెండు అట్టపెట్టెల డిటెక్టివ్ నవలలు ఉన్నాయి, పార్సిల్ చేస్తా. మొదట పోయేవి అవే, పోనీ.

ఎర్రబస్సు | జూన్ 1, ఉదయం 8:40

ఇలాంటి బీరువాకి మొదటి వారంలో పోయేది పుస్తకాలు కాదు, రేకు.

దక్కన్ క్వీన్ | జూన్ 1, ఉదయం 10:15

ఎర్రబస్సు 😂 నిజమే.

వచ్చే ఏడు నేనూ లండన్ వస్తున్నా, మా అక్క దగ్గరికి. మే నెల కుదరకపోతే హేకి ఇంకెప్పుడు వెళ్ళొచ్చు?

సెవెర్న్ ఒడ్డు | జూన్ 1, ఉదయం 11:30

ఎప్పుడైనా. షాపులు ఏడాదంతా ఉంటాయి, గురువారం వెళ్తే సంత కూడా. నవంబరు చివర్లో చిన్న శీతాకాలం పండుగ చేస్తారు, అది ఊళ్ళోనే జరుగుతుంది కాబట్టి నాకు మే పండుగ కంటే ఇష్టం. జనం తక్కువ, నాలుగింటికే చీకటి, షాపుల్లో పసుపు లైట్లు. కోట కూడా బాగుచేసి 2022లో తెరిచారు, పైకి ఎక్కొచ్చు. స్వెట్టర్లు రెండు వేసుకోండి.

కాలవగట్టు | జూన్ 9, రాత్రి 9:05

చివరి సందేహం. అమ్మ ప్రయాణం ఎల్లుండి. 23 కిలోల పెట్టెలు రెండు. ఆ రోజు బీరువాల దగ్గర పదిహేడు పుస్తకాలు తీసుకుంది, నేను లెక్కపెట్టలేదు, ఇంటికొచ్చాక సంచీ ఎత్తితే తెలిసింది. వాళ్ళ పాత లైబ్రరీకి ఇస్తుందట, ఎక్కువ పిల్లల బొమ్మల పుస్తకాలు, వానపాముల పుస్తకం ఒకటి. వేయింగ్ మెషిన్ మీద ఒక పెట్టె 26 చూపిస్తోంది. చాక్లెట్లు తీసేద్దామంటే మనవళ్ళకి అంటుంది, పుస్తకాలు తీసేద్దామంటే మాట్లాడదు. చేతిసంచీలో పుస్తకాలు పెడితే చెకింగ్‌లో ఆపుతారా?

ఎర్రబస్సు | జూన్ 9, రాత్రి 9:11

ఆపరు. బరువైనవి కోటు జేబుల్లో పెట్టమనండి, మా అమ్మ అలాగే నాలుగు కిలోల పప్పు గిన్నెలు తెచ్చింది.